మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం సార్, అది కాపీ కొట్టడం కాదు



పోస్టు పొడుగైంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ చదివి తిట్టండి.

మాది తుగ్గలి మండలంలో ఒక తండా. హాస్టల్లో ఉండి బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా యాడికి సంతకం రాదు. మా నాయన ఐదు దాకా చదివినాడు.

పోయిన నెల ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష రాసినా. ఆరు నెలల ఇంటర్న్‌షిప్, బాగా చేస్తే ఉద్యోగం అన్నారు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. ల్యాప్‌టాప్ ఒక సీనియర్ అక్కది. నెట్టు పక్క మంచం అమ్మాయి ఫోన్ హాట్‌స్పాట్. మా గదిలో ఎనిమిది మందిమి ఉంటాం. "గంటన్నర బయట కూర్చోండే, మీకు పుణ్యముంటాది" అని ముందురోజే అందరినీ బతిమాలుకున్నా. ఐదుగురు పుస్తకాలు తీసుకొని చెట్టు కిందికి పోయినారు. ఒకమ్మాయికి జ్వరం, లేవలేక పడుకొనింది. ఆమెకు తోడుగా ఇంకొకమ్మాయి గోడ వైపు తిరిగి కూర్చొనింది.

పరీక్షకు ముందు కెమెరా చుట్టూ తిప్పి గదంతా చూపించమనింది. తిప్పినా. ట్రంకు పెట్టెలు, దండెం మీద బట్టలు, బకెట్లు. నిజం చెప్తున్నా, జ్వరం మంచం వైపు కొంచెం తొందరగా తిప్పేసినా.

ఇరవై నిమిషాలకు ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది, గదిలో మరో వ్యక్తి ఉన్నారని. ఇంకో పది నిమిషాలకు జ్వరం పిల్ల దగ్గింది. రెండో హెచ్చరిక, మరో గొంతు వినిపిస్తోందని. నేను నోరు తెరవలేదు. తర్వాత ఎవరో బకెట్ కోసం తలుపు తోసినారు. ఈసారి హెచ్చరిక లేదు, పరీక్షే మూసుకుపోయింది. అప్పటికి నలభైలో ఇరవై ఆరు ప్రశ్నలు చేసినా. సాయంత్రం మెయిల్ వచ్చింది: నియమాలు ఉల్లంఘించినందున మీ దరఖాస్తును పరిశీలించలేము. ఇది హాస్టల్ గది సార్, కావాలంటే ఫోటోలు పంపిస్తా అని జవాబు రాసినా. ఈ చిరునామాకు వచ్చే జవాబులు ఎవరూ చదవరు అని వెంటనే ఇంకో మెయిల్.

ఆ రాత్రి యాడికి ఫోన్ చేసి చెప్పినా. ఆమెకు పరీక్ష సంగతి అర్థం కాలేదు కానీ మా భాషలో ఒక ప్రశ్న అడిగింది. "గదిలో మనుషులుంటే తప్పేంది? మనుషులు లేని గదిలో ఎవరుంటారు?"

ఈ పోస్టు ఆ ప్రశ్న గురించే.

దీనికి వారం ముందు మా హాస్టల్‌కి ఒక సార్ వచ్చి మోటివేషన్ క్లాసు చెప్పినాడు. "సాఫ్ట్‌వేర్ మారిపోతోంది. ఏఐ వచ్చేసింది. మారినోడు మిగులుతాడు, మారనోడు మునుగుతాడు. ఇన్నోవేట్ చేయండి. ఉద్యోగం అడగొద్దు, ఉద్యోగం ఇచ్చే స్థాయికి ఎదగండి" అన్నాడు. చప్పట్లు కొట్టినాం. నేనూ కొట్టినా. ఇప్పుడు నా చప్పట్లు నేను వాపస్ తీసుకుంటున్నా.

ఎందుకంటే ఆయన మార్పు గురించి వాన గురించి మాట్లాడినట్టు మాట్లాడినాడు. వానను ఎవరూ కురిపించరు, గొడుగు తెచ్చుకోనోడిదే తప్పు అన్నట్టు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మార్పు అట్ల రాదు. కొంతమంది ఒక మీటింగ్‌లో కూర్చొని తీసుకున్న నిర్ణయంగా వస్తుంది. పరీక్షను మనిషి చూడాలా, కెమెరా చూడాలా? ఈ ఏడాది ఫ్రెషర్లను తీసుకోవాలా, వద్దా? తప్పు జరిగితే ఫిర్యాదు వినడానికి ఒక మనిషికి జీతం ఇవ్వాలా, దండగా? ఇవన్నీ ఎవరో కూర్చొని తేల్చినవే. ఆ తేల్చినోళ్ళకు చిన్నప్పటి నుంచీ సొంత గది ఉంది. అందుకే వాళ్ళు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ లెక్కలో గదికి ఒక్కరుండడం మామూలు, ఎనిమిది మంది ఉండడం నేరం. వాళ్ళ ఇల్లు ఎట్లుంటుందో అందరి ఇల్లూ అట్లే ఉంటుందనుకొని ఈ కొత్త పని పద్ధతులన్నీ కట్టినారు. దాని ఖర్చు మన మీద వేసి, దానికి 'స్కిల్ గ్యాప్' అని పేరు పెట్టినారు. నేను చెప్పదల్చుకున్నది ఇదే.

వర్క్ ఫ్రం హోమ్ సంగతే చూడండి. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం పెద్ద ఎత్తున వర్క్ ఫ్రం హోమ్ తెస్తామన్నారు. మండలాల్లో కూడా ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్ళకు ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు. మంచి మాటే, కాదనను. కానీ వర్క్ ఫ్రం హోమ్ చేయాలంటే ముందు హోమ్ ఉండాలి కదా. మా ఇల్లు ఒక గది, ఒక వసారా. వసారాలో మేకపిల్లలు. ఫోన్ సిగ్నల్ వాటర్ ట్యాంకు దగ్గర నిలబడితే వస్తుంది. సెలవులకు పోతే నేను పుస్తకం పట్టుకొని కూర్చున్నా మా యాడి కంటికి ఖాళీగా కూర్చున్నట్టే కనపడతా. నీళ్ళు తేవాల, జొన్న రొట్టెలు కాల్చాల, తమ్మున్ని చూసుకోవాల. ఆమెను తప్పు పట్టడం లేదు, ఆమె పొద్దున పోయి రాత్రికొస్తుంది. ఇంట్లో కూర్చొని ల్యాప్‌టాప్‌లో పనిచేసే ఆడపిల్లకు మా తండాలో రెండు డ్యూటీలు పడతాయి, ఒకదానికే జీతం. కాబట్టి నాకు కావాల్సింది వర్క్ ఫ్రం హోమ్ కాదు. తుగ్గలిలో తలుపు వేసుకోగల ఒక గది, కరెంటు, నెట్టు, సాయంత్రం ఇంటికి చేర్చే బస్సు.

ఇంకొకాయన మాట. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణ మూర్తి గారు దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. దేశమంతా చర్చ చేసింది. మా తండాలో ఎవరూ చర్చ చేయలేదు. సుగ్గికి గుంటూరు వైపు పోయినప్పుడు మా యాడి పొద్దున్నే మిరప చేలో వంగితే పొద్దు గూకినాకే నడుము లేపుతుంది. ఆ కొన్ని నెలలు నేను ఊర్లో సీజనల్ హాస్టల్లో ఉండి చదువుకున్నా. గంటలు ఎక్కువైతే బాగుపడేటట్టుంటే మా తండా ఎప్పుడో బాగుపడాల.

ఇన్నోవేషన్ సార్‌కి మా ఊరి వజ్రాల కథ చెప్పాలనిపించింది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లోకి జనం దిగుతారు. మనోళ్ళే కాదు, పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. టార్పాలిన్లు కట్టుకొని, బువ్వ మూట పెట్టుకొని, తల వంచుకొని నేలను చూస్తూ తిరుగుతారు. ఎవరో ఒకరికి దొరుకుతుంది. పేపర్లో వస్తుంది, కూలీకి లక్షల విలువైన వజ్రం అని. దొరికినోళ్ళు కూడా దాని ధర తాము కట్టరు, వ్యాపారి కడతాడు. దొరకనోళ్ళ గురించి పేపర్లో రాదు. ఆ రోజుల కూలీ పోగొట్టుకొని, నడుము నొప్పితో ఇంటికొస్తారు. మా నాయన ఎన్నో తొలకరులు తిరిగినాడు. ఒక్కసారి మెరిసే రాయి దొరికింది, అది వట్టి గాజు పెంకు.

ఆ సార్ చెప్పిన కథలన్నీ పేపర్లో వచ్చిన వజ్రాలే. ఎవడో కాలేజీ మానేసి కంపెనీ పెట్టినాడు, ఎవడో గ్యారేజీలో మొదలుపెట్టినాడు. గ్యారేజీ ఉండాలంటే ముందు కారుండాల, అది మనకు చెప్పరు. మునిగితే పట్టుకోవడానికి వెనక నాయన ఉండాల, అదీ చెప్పరు. మా ఇంట్లో నేను రెండేళ్ళు సంపాదించకుండా స్టార్టప్ పెట్టుకొని కూర్చుంటే ఆ రెండేళ్ళ వడ్డీ ఎవరు కడతారు? తెలివి లేక కాదు మనం రిస్క్ తీసుకోనిది. మన బతుకే ఇప్పటికే రిస్క్. వాన మీద వేరుశనగ వేసేటోడి కంటే పెద్ద పారిశ్రామికవేత్త ఎవరు?

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి వస్తా. ఉద్యోగాలు.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత లేచిన బిల్డింగులకు పాలమూరు కూలీలు ఇటుకలు మోసినారు, మా తండా నుంచి పోయినోళ్ళూ మోసినారు. లోపల కుర్చీల్లో కూర్చోడానికి మనకు పాతికేళ్ళు పట్టింది. ఇప్పుడిప్పుడే ఒక తండాకు ఒకరో ఇద్దరో పోతున్నారు. వాళ్ళు పోయింది ఏ మెట్టు మీద కాలు పెట్టి? టెస్టింగ్, సపోర్ట్, చిన్న చిన్న తప్పులు సరిదిద్దడం, డాక్యుమెంట్లు రాయడం. గొప్ప పని కాదు. కానీ ఆ పని చేస్తూ పక్కన సీనియర్‌ని చూసి నేర్చుకొనేవాళ్ళు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని మనకు ఆ మొదటి రెండేళ్ళే నిజమైన కాలేజీ.

2021-22లో టీసీఎస్ ఒక్కటే లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది. 2023-24కు వచ్చేసరికి అదే కంపెనీలో మొత్తం ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా తగ్గింది. 2025 జులైలో ఇంకో 2 శాతం, అంటే 12 వేలకు పైగా మందిని తగ్గిస్తామని ప్రకటించింది. అది ఎక్కువగా మధ్య, పై స్థాయి వాళ్ళని అని కంపెనీయే చెప్పింది. అంతా ఏఐ వల్లే అనడం కూడా తప్పు. కరోనా టైములో అవసరానికి మించి తీసుకున్నారు, తర్వాత అమెరికా క్లయింట్లు ఖర్చు తగ్గించినారు. కానీ 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినాక ఇంకొకటి జరుగుతోంది. ఫ్రెషర్‌కి ఇచ్చే చిన్న పనిని సీనియరే ఏఐతో పది నిమిషాల్లో చేసుకోగలుగుతున్నాడు. అప్పుడు ఫ్రెషర్ ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. పై మెట్టు వాళ్ళకు జరిగేది నష్టం, ఒప్పుకుంటా. కింది మెట్టే లేకపోతే మనలాంటోళ్ళు నిచ్చెన దగ్గరికి వచ్చి ఏం చేయాల? నాయన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నోడికి మొదటి రెండేళ్ళ చదువు ఇంట్లోనే దొరుకుతుంది. మనకు?

బీఎస్సీ, బీసీఏ వాళ్ళు ఇది కూడా గుర్తుపెట్టుకోండి. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ ఏడాదికి 2.52 లక్షల జీతంతో ఫ్రెషర్లను పిలిచినప్పుడు సోషల్ మీడియా అంతా నవ్వింది. ఇంటి అద్దెకే చాలదు, టీ ఖర్చుకే సరిపోతుంది అని జోకులు. అప్పుడు కంపెనీ వివరణ ఇచ్చింది. అది ఇంజనీర్లకు కాదు, మూడేళ్ళ డిగ్రీ వాళ్ళకు అని. నవ్వులు ఆగినాయి. అంటే డిగ్రీ వాళ్ళకైతే పర్లేదన్నమాట! నెలకు 21 వేలు. మా ఇంట్లో నెలకు 21 వేలు ఎప్పుడూ ఎవరూ చూడలేదు, కాబట్టి నేను ఆ జోకుకి నవ్వలేకపోయినా. ఆ జీతం నాకు చాలు అనుకోడానికి సిగ్గేసింది. చాలదు అనడానికీ నోరు రాలేదు. ఈ రెండు సిగ్గుల మధ్య మనల్ని నిలబెట్టి బేరం ఆడతారు.

మన గ్రూపులోనే దీనికి రెండు జవాబులు వినపడుతున్నాయి. రెండూ మనోళ్ళవే, రెండింటినీ గౌరవిస్తూనే కాదంటున్నా.

మొదటిది: "కంప్యూటర్లు మనకొద్దు చెల్లీ, డీఎస్సీకో కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవ్వు. అక్కడ రిజర్వేషన్ ఉంది." అన్నా, నేను కూడా రాస్తా, రాయొద్దని ఎవరికీ చెప్పను. కానీ లెక్క చూడండి. 2018 తర్వాత మళ్ళీ డీఎస్సీ జరిగింది 2025లో. 16,347 పోస్టులు. అందులో మన వాటా 6 శాతం. ఏడేళ్ళు! ఆ ఏడేళ్ళలో మా తండాలో ఇద్దరక్కలు టెట్ పుస్తకాలు పట్టుకొనే పెళ్ళిళ్ళు చేసుకొని పోయినారు. ప్రభుత్వ ఉద్యోగం ఒక దారి, అదొక్కటే దారి అని మనమే గేటు వేసుకుంటే ఎట్ల? మనం వదిలేసిన చోట మన గురించి నిర్ణయాలు ఆగవు, మనం లేకుండా జరుగుతాయి. ఆ కెమెరా సాఫ్ట్‌వేర్ రాసిన టీములో హాస్టల్లో చదివిన మనిషి ఒక్కరున్నా "గదిలో ఇంకొకరుంటే ఏం చేద్దాం" అని అడిగుండేవాళ్ళు.

రెండోది: "మిషన్‌కి కులం తెలీదు, తెగ తెలీదు. స్కిల్ ఉంటే ఎవరూ ఆపలేరు." మిషన్‌కి తెలీదు, నిజమే. మిషన్‌కి నేర్పిన పాత లెక్కలకు తెలుసు. అమెజాన్ కంపెనీ దరఖాస్తులు వడకట్టడానికి ఒక ఏఐ తయారుచేసుకుంది. అంతకుముందు వచ్చిన దరఖాస్తులు ఎక్కువ మగవాళ్ళవి కాబట్టి, అది ఆడవాళ్ళ కాలేజీ పేరు కనపడితే మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి దాన్ని పక్కన పడేసినారు, 2018లో బయటపడింది. ఆడవాళ్ళని తగ్గించమని దానికి ఎవరూ చెప్పలేదు. మన గురించి కూడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాకు ఏఐ మీద కోపం అనుకోకండి. నేనూ వాడతా. రాత్రి పదకొండుకి పైథాన్‌లో డౌట్ వస్తే అడగడానికి మా ఇంట్లో ఎవరున్నారు? అది విసుక్కోదు, 'ఇది కూడా తెలీదా' అనదు. మా క్లాసులో ఇంగ్లీష్ మీడియం పిల్లల ముందు అడగలేని ప్రశ్నలన్నీ దాన్నే అడిగినా. కాబట్టి వస్తువు తప్పు కాదు. అది ఎవరి చేతిలో ఉంది, తప్పు జరిగితే ఎవర్ని అడగాల, లాభం ఎవరికి పోతుంది, గొడవ అక్కడ.

ఈ మాట మన ప్రాంతానికి కొత్త కాదు. ఎమ్మిగనూరు చూడండి. మగ్గం ఉన్నా నేతగాడి చేతిలో ఏమీ ఉండేది కాదు. నూలు షావుకారుది, గుడ్డ షావుకారుది, ధర షావుకారు చెప్పిందే. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్ళందరినీ చేర్చి సహకార సంఘం నిలబెట్టినారు. నూలు సంఘం తెచ్చింది, గుడ్డ సంఘం అమ్మింది. ఆ సంఘం పేరు దేశమంతా తెలిసింది. తర్వాత మరమగ్గాలు వచ్చినాయి, ఆ వెలుగు ఇప్పుడు లేదు. సంఘం పెడితే మార్పు ఆగిపోతుందని నేను అనడం లేదు. ఒక్కొక్కడే మగ్గం మీద కూర్చున్నప్పుడు లేని బేరం, కలిసి కూర్చున్నప్పుడు కొన్ని పదుల ఏళ్ళు నిలబడింది. మనం మాత్రం ఇప్పుడు ఒక్కొక్కరే ఫోన్ పట్టుకొని, ఒక్కొక్కరే అప్లై చేసి, ఒక్కొక్కరే రిజెక్ట్ అయి, ఒక్కొక్కరే ఏడుస్తున్నాం. నా మెయిల్ సంగతి మా గదిలో చెప్పినాక తెలిసింది, పక్క గదిలో ఇద్దరికి అంతకుముందే అట్లే జరిగిందని. సిగ్గుతో చెప్పుకోలేదంట.

మన భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాల. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అని ఏఐ అనువాద యాప్ తెచ్చింది. మొదటి విడతలో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ ఉన్నాయి. సంతోషం. మన గోర్ బోలి లేదు, ఎరుకల అన్నలు మాట్లాడే భాషా లేదు. రేపు మనది కూడా చేర్చుతారు. చేర్చాలంటే వాళ్ళకు మన గొంతులు కావాల. మన యాడుల పాటలు, మాటలు, తిట్లు, సామెతలు, అన్నీ కావాల. అప్పుడు ఎవడో వచ్చి ఫోన్‌లో రికార్డు చేసుకొని, చేతిలో వంద పెట్టి పోతాడా? బెంగళూరులో 'కార్య' అనే లాభాపేక్ష లేని సంస్థ పల్లెటూరి వాళ్ళతో ఇట్లాంటి గొంతు రికార్డింగ్ పని చేయించి మామూలు కూలీకి ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తోంది. ఆ డేటా మళ్ళీ అమ్ముడుపోతే పనిచేసినోళ్ళకు మళ్ళీ వాటా ఇచ్చే పద్ధతి పెట్టింది. అంటే చేయొచ్చు! మన భాష ఈ కొత్త పరిశ్రమకు ముడిసరుకు. వజ్రం లాగా వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయకముందే, ధర మనం కలిసి చెప్పడం నేర్చుకోవాల.

సరే, ఏం చేద్దాం? నాకు తోచినవి నాలుగు.

1. ప్రతి ఎస్టీ హాస్టల్లో ఒక పరీక్ష గది. ఒక కుర్చీ, ఒక బల్ల, తలుపు, నెట్టు, ఇన్వర్టర్. ఎవరికి పరీక్ష ఉంటే వాళ్ళు రిజిస్టర్‌లో పేరు రాసి తాళం తీసుకుంటారు. కోట్ల పని కాదు ఇది. ఒక స్టోర్ రూమ్ ఖాళీ చేస్తే అయిపోతుంది.

2. మిషన్ తీసేసిన ప్రతి అభ్యర్థికి మనిషి జవాబు ఇవ్వాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక విద్యార్థి, ఆన్‌లైన్ పరీక్షకు ముందు తన గదిని కెమెరాతో స్కాన్ చేయించడం మీద కేసు వేసినాడు. అది రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో కోర్టు తీర్పిచ్చింది. అది ప్రభుత్వ యూనివర్సిటీ, మనది ప్రైవేట్ కంపెనీ, తేడా ఉంది, తెలుసు. కానీ ఒక విద్యార్థి అడిగినాడు, ఒక జడ్జి విన్నాడు. మనం ఇంకా అడగనే లేదు.

3. భూమి తీసుకున్న కంపెనీకి షరతు. విశాఖలో 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు టీసీఎస్‌కి ఇవ్వడానికి 2025 ఏప్రిల్‌లో మన కేబినెట్ ఒప్పుకుంది, 12 వేల ఉద్యోగాలు వస్తాయని. తర్వాత కాగ్నిజెంట్‌కి 21.31 ఎకరాలు అట్లే, 8 వేల ఉద్యోగాలని. మా తండాలో ఎకరన్నర డీకేటీ పట్టా కోసం మా తాత ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చనిపోయినాడు, ఆయనకు ఎన్ని షరతులో! ప్రజల భూమి తీసుకున్నోళ్ళకు ఒక్క షరతు పెట్టలేమా? చట్టం లేక కాదు. 1961 అప్రెంటిస్ చట్టంలోని 3-ఏ సెక్షన్ నిర్ణీత ట్రేడుల్లో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ సీట్లు రిజర్వ్ చేయాలంటుంది. ఐటీఐలో చెప్పే 'కోపా' కంప్యూటర్ ట్రేడు ఆ జాబితాలో ఉన్నదే. 30 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థ తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో మార్చిన రూల్స్ చెప్తున్నాయి. ఈ పద్ధతినే డిగ్రీ పిల్లల సాఫ్ట్‌వేర్ శిక్షణకు కూడా తెచ్చి, భూమి ఒప్పందంలో రాయమని అడుగుదాం. ఏఐ తీసేసిన కింది మెట్టును మళ్ళీ పెట్టే మార్గం నాకు తెలిసి ఇదే. జీతం ఇస్తూ నేర్పించే రెండేళ్ళు. ఊరికే ఉద్యోగం ఇవ్వమనడం లేదు, నేర్చుకొనే చోటు ఇవ్వమంటున్నాం.

4. ఇది మన పని, ఎవర్నీ అడగనక్కర్లేదు. ఇప్పటికే లోపల ఉన్న అన్నలు, అక్కలు నెలకు ఒక ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. మోటివేషన్ వద్దు. మీరు మొదటి నెల ఆఫీసులో ఏం చేసినారు, టికెట్ అంటే ఏంది, మేనేజర్‌తో ఎట్ల మాట్లాడాల, ఏ పరీక్షలో ఏ హెచ్చరిక వస్తుంది, అది చెప్పండి. మీరు పైకి ఎక్కినాక మా నంబర్లు సేవ్ చేసుకోకపోతే ఆ కంపెనీలకూ మీకూ తేడా ఏముంది? కోపం వస్తే రానీయండి, ఈ మాట చాలా రోజుల నుంచి మింగుతున్నా.

"ముందు నువ్వు ఉద్యోగం తెచ్చుకో, తర్వాత మాట్లాడు" అని కొందరు అంటారని తెలుసు. ఉద్యోగం వచ్చినాక ఈ మాటలు ఎవరూ మాట్లాడరు, అది కూడా చూసినా. అందుకే రాకముందే రాస్తున్నా.

పోయిన వారం మా హాస్టల్లో ముప్పై నాలుగు మంది సంతకాలు పెట్టి వార్డెన్ మేడమ్‌కి ఒక అర్జీ ఇచ్చినాం, పాత బియ్యం గది ఖాళీ చేసి పరీక్ష గది చేయమని. పై ఆఫీసుకి రాస్తానన్నారు. వచ్చే సోమవారం మళ్ళీ పోయి అడుగుతాం. జ్వరం వచ్చిన అమ్మాయి మొదటి సంతకం పెట్టింది. ఆ రోజు తన దగ్గు వల్లే నా పరీక్ష పోయిందని ఆమె ఇప్పటికీ బాధపడుతోంది. ఆమె తప్పేం లేదని నేనెన్నిసార్లు చెప్పినా నమ్మడం లేదు. నాకు అసలు కోపం అక్కడే. తప్పు చేసినోడికి మన పేర్లు కూడా తెలీవు, మనమేమో ఒకరికొకరు సారీ చెప్పుకుంటున్నాం.

మీ హాస్టల్లో ఒక్కరే కూర్చొని పరీక్ష రాయడానికి గది ఉందా? మండలం పేరు రాసి, ఉంది లేదా లేదు అని ఒక్క ముక్క పెట్టండి. ఎవరికైనా నాలాగా పరీక్ష మధ్యలో మూసుకుపోయి ఉంటే అది కూడా రాయండి, సిగ్గుపడొద్దు. లెక్క అంతా నేను రాసి పెడతా. ఆ కాగితం పట్టుకొని జిల్లా గిరిజన సంక్షేమ అధికారి దగ్గరికి కలిసి పోదాం. వచ్చే నెల నాకు ఇంకో పరీక్ష ఉంది.